నూజివీడు మాట కథల్లో ఏది?

నూజివీడు, ఆగిరిపల్లి, చాట్రాయి తోటల్లో పూత నిలబడి పిందె కనపడితే చాలు, వ్యాపారులు తిరగడం మొదలుపెడతారు. కాయ కోతకు రాకముందే తోటను గుత్తకు మాట్లాడుకునే బేరాలవి. అలాంటి ఒక బేరాన్ని ఊహించి చూద్దాం.

"ఏం బాబాయ్, పూత బాగా రాలిందంటగా?"

"ఎవరు చెప్పారబ్బాయ్? ఆ కొమ్మ చూడు, పిందె ఎట్టా దిగిందో."

"అదేలే. పిన్ని కులాసానా? వైశాఖంలో చెల్లి పెళ్లంట, ఊళ్లో అనుకుంటన్నారు."

"అవతల చెక్క కూడా చూద్దువుగాని, రా."

రేటు ఊసే రాలేదు. అయినా సగం బేరం అయిపోయింది. పెళ్లి మాటెత్తి వ్యాపారి రైతు అవసరాన్ని తడిమి చూశాడు. రైతు దాన్ని అక్కడే తుంచేశాడు. ఇదే ఘట్టం అచ్చయ్యే కథల్లో చాలాసార్లు ఇంకోలా ఉంటుంది: కూతురి పెళ్లికి డబ్బు కావాలి కాబట్టి తోట తక్కువకు ఇచ్చేస్తున్నానని రైతే విడమరిచి చెప్పేస్తాడు. గరజులో ఉన్న మనిషి ఆ గరజును కొనేవాడి చేతిలో పెడతాడా? పాఠకుడికి సంగతి అందించాలన్న తొందరలో రచయిత పాత్ర లౌక్యాన్ని లాగేసుకుంటున్నాడు.

అవసరాన్ని బట్టి పాత్ర మాటను మలిచే విద్యలో మనకు పెద్ద గురువు గురజాడ. 'కన్యాశుల్కం' 1892లో రంగస్థలమెక్కింది, 1897లో అచ్చయింది. అంతటితో ఆయన ఊరుకోలేదు. నాటకాన్ని బాగా పెంచి, తిరగరాసి 1909లో మళ్లీ అచ్చు వేశారు. వెంకటేశం ముందు ఇంగ్లీషు దంచే గిరీశం, బుచ్చమ్మ దగ్గరికొచ్చేసరికి గొంతు మార్చేస్తాడు. మనిషి ఒక్కడే, కావలసింది వేరు, అందుకే మాట వేరు. విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రి 'ఆరు సారా కథలు'లో కోర్టు చుట్టూ తిరిగే బీదల గొంతులను కాగితం మీదికి తెచ్చారు. చిత్తూరు పల్లె మాటను నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చ నాకు సాక్షిగా'లో నిస్సంకోచంగా వాడారు.

మరి నూజివీడు? ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉన్నా, 2022 వరకు అది కృష్ణా జిల్లాదే. పత్రికల తెలుగుకు మధ్యకోస్తా మాటే ఆధారమన్న పేరు ఈ ప్రాంతానికి గౌరవం తెచ్చిందేమో గానీ, కథల్లో నష్టమే చేసింది. శ్రీకాకుళం పాత్రకూ కరీంనగర్ పాత్రకూ యాస ఉండాలని రచయితకు గుర్తుంటుంది. కృష్ణా రైతు మాత్రం సంపాదకీయం చదువుతున్నట్టు మాట్లాడతాడు. చదువుకున్న ఇళ్లలో వినిపించే మాటే ఊరందరి మాటగా చెలామణీ అయిపోయింది. తోట కాపలా ఉండేవాడు, కాయ కోసే కూలీ, గ్రేడింగు చేసే ఆడవాళ్లు, కమీషన్ వ్యాపారి వీళ్లందరూ ఒకే తెలుగు మాట్లాడరు. తరుగు దగ్గర పేచీ వచ్చినప్పుడు వింటే ఎవరిది ఏ గొంతో చెవికే తెలుస్తుంది.

అలాగని ప్రతి మాటనూ విరిచి రాస్తే యాస రాదు, చదవడమే కష్టమవుతుంది. ఒక 'ఎట్టా', ఒక 'అనుకుంటన్నారు' సరిపోతాయి. మిగతా పని వరసలు, మాట దాటేసే తీరు, ఎవరు ఎవరికి అడ్డం వస్తారన్నది చేస్తాయి. 'అన్నాడు', 'అంది' తీసేసి పైకి చదివినా ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి. తెలియకపోతే ఆ పేజీ మళ్లీ రాయాల్సిందే.

తప్పు రచయితలొక్కరిదే అనలేం. కథ పంపిన కుర్రవాడు 'అనుకుంటన్నారు' అని రాస్తే, అచ్చుతప్పనుకుని మధ్యలో 'ఉ'కారం చేర్చే చేతులు పత్రికల్లో ఉన్నాయి. సంభాషణ జోలికి వెళ్లేముందు ఆ రచయితకు ఒక్క ఫోన్ చేసి అడగడం సంపాదకులకు అంత కష్టమేమీ కాదు.