చోటు ఉచితమైనా పేరు సొంతం కావాలి

నేసిన చీరను దళారి చేతిలో పెట్టకుండా నేరుగా అమ్ముకోవాలన్నది చేనేత కార్మికుల చిరకాల వాంఛ. ఫోనులో ఫోటోలు పంపి ఆర్డర్లు తెచ్చుకునే నేతన్నలు ఇప్పుడు చాలా గ్రామాల్లో ఉన్నారు. ఆ ఫోటోలు, ధరలు, ఫోను నంబరు ఒకేచోట చూపే వెబ్‌సైటు ఉంటే దూరప్రాంతాల కొనుగోలుదారులు కూడా వస్తారు. అయితే నూలుకు, రంగులకు చేసిన అప్పు తీర్చడానికే సతమతమయ్యే చిన్న సహకార సంఘం ఏటా వేల రూపాయల బాడుగ కట్టి వెబ్‌సైటు నడపగలదా?

నిజానికి బాడుగ కట్టనక్కరలేదు. ఉచితంగా చోటు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. కాని ఉచితమన్న ప్రతిదానినీ నమ్మితే మొదటికే మోసం వస్తుంది. ఎరువు సొమ్ము బరువు చేటన్నారు పెద్దలు.

మూతపడిన ఉచిత చోట్లు

1994లో మొదలైన జియోసిటీస్ లక్షలాది మందికి ఉచితంగా వెబ్‌పేజీలు పెట్టుకునే వీలు కల్పించింది. 1999లో యాహూ దానిని కొన్నది. 2009 అక్టోబరులో మూసివేసింది. అది పాత ముచ్చట అనుకోవడానికి లేదు. చిన్న వ్యాపారులు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో ఉచితంగా తయారు చేసుకున్న వెబ్‌సైట్లను ఆ సంస్థ 2024 మార్చిలో నిలిపివేసింది. ఉచితంగా పేర్లు పంచిన ఫ్రీనామ్ 2023లో కొత్త పేర్లు ఇవ్వడం ఆపి, 2024లో ఆ వ్యాపారం నుంచే తప్పుకుంది. ఈ చిరునామాలనే సంచుల మీద, బిల్లు పుస్తకాల మీద అచ్చు వేయించుకున్న వారి గతి ఏమిటి? శ్రావణమాసం గిరాకీలో చిరునామా పని చేయకపోతే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

అవసరం ఎంత?

చీరల ఫోటోలు, ధరలు, ఫోను నంబరు చూపే సైటుకు పెద్ద యంత్రాంగం అక్కరలేదు. ఫోనులో తీసిన నాలుగు మెగాబైట్ల ఫోటోను రెండు వందల కిలోబైట్లకు తగ్గించినా చీర అంచు, బుటా చక్కగా కనిపిస్తాయి. అలా తగ్గించిన 200 ఫోటోలకు పట్టే చోటు 40 మెగాబైట్లే. ఇటువంటి సాదా సైటుకు ఉచిత చోటు ధారాళంగా సరిపోతుంది.

షరతులు మాత్రం ముందే చదవాలి. గిట్‌హబ్ పేజెస్ ఒక గిగాబైటు వరకు చోటు ఇస్తుంది గాని, ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి ఒప్పుకోదు. ఊరి చరిత్రకు, పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘానికి అది పనికివస్తుంది. చీరల అమ్మకానికి కాదు. వెర్సెల్ ఉచిత పథకం కూడా సొంత అవసరాలకే గాని వ్యాపారానికి కాదు. క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లో ఒక్కో ఫైలు 25 మెగాబైట్లు దాటకూడదు. ఫోటోలకు అది అడ్డంకి కాదు. కంప్యూటర్ పని అంతగా తెలియని వారికి గూగుల్ సైట్స్ సులువు. భద్రతా సర్టిఫికెట్ పేరిట విడిగా డబ్బు గుంజే వారూ ఉంటారు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి దానిని ఉచితంగానే ఇస్తోంది.

పేరు ఎవరి చేతిలో?

డబ్బు పెట్టవలసింది పేరు మీదనే. డాట్ ఇన్ వంటి పేరుకు ఏడాదికి అయ్యేది కొన్ని వందల రూపాయలే. మొదటి ఏడు చౌకగా ఇచ్చి, రెండో ఏడు నుంచి ఎక్కువ వసూలు చేసేవారున్నారు కనుక రెన్యూవల్ ధర ముందే అడగాలి. పేరు సొంతమైతే, ఉచిత చోటు ఇచ్చిన కంపెనీ తలుపులు మూసినా, దాచుకున్న కాపీతో ఒకటి రెండు రోజుల్లో మరోచోటికి మారవచ్చు. కొనుగోలుదారుకు చిరునామా మారదు.

ఆ పేరు సంఘం పేరిటే ఉండాలి. సైటు తయారు చేసిన కుర్రవాడి పేరిట, అతని సొంత ఈమెయిలుతో పేరు నమోదైతే, అతను ఉద్యోగానికి హైదరాబాదో బెంగళూరో వెళ్లిన నాడు సంఘం చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. పాస్‌వర్డు, రెన్యూవల్ తేదీ మినిట్సు పుస్తకంతో పాటు బీరువాలో ఉండాలి. ఫోటోల కాపీ పెన్‌డ్రైవులో ఉండాలి.

వెంకటగిరి, ఉప్పాడ, పోచంపల్లి, గద్వాల చీరల పేర్లను ఇతరులు వాడుకోకుండా 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టం కాపాడుతోంది. ఇంటర్నెట్‌లో పేరును మాత్రం ఎవరికి వారే కాపాడుకోవాలి.

ఇది నేతన్నల మీదకే వదిలేయదగిన పని కాదు. చేనేత, జౌళి శాఖ అధికారులు సంఘాల కార్యదర్శులకు ఒకటి రెండు రోజుల శిక్షణ ఇప్పించాలి. పాలిటెక్నిక్ విద్యార్థులకు చదువులో భాగంగా ఒక్కో సంఘం సైటును అప్పగించవచ్చు. ప్రదర్శనలకు, ఫ్లెక్సీలకు పెట్టే ఖర్చులో కొద్ది భాగం పేర్ల నమోదుకు కేటాయించినా చాలు. పడుగు, పేక ఎవరివైనా మగ్గం తనదైతేనే నేతగాడికి ధీమా. వెబ్‌సైటుకు ఆ మగ్గం దాని పేరే. సంఘాలు ముందు దానిని సొంతం చేసుకోవాలి.