పంపే ముందే కూర్చుని ఆలోచించాలి

1990 మార్చి 24న భారత శాంతి పరిరక్షక దళంలోని చివరి సైనికులు శ్రీలంక తీరాన్ని విడిచారు. దాదాపు 1,200 మంది జవాన్లు మాత్రం ప్రాణాలతో తిరిగి రాలేదు. వారి ధైర్యంలో లోపం లేదు, లోపం ఢిల్లీలో జరిగింది.

ఎల్‌టీటీఈకి అంతకుముందు శిక్షణ ఇచ్చింది మన గూఢచార సంస్థ ‘రా’. 1987 జూలై 29న కొలంబోలో ఒప్పందం కుదిరే వరకు చర్చలు నడిపింది దౌత్యవేత్తలు. అక్టోబరు నుండి అదే ఎల్‌టీటీఈతో పోరాడింది సైన్యం. ఒకే ప్రభుత్వంలోని మూడు విభాగాలు మూడు దారుల్లో నడిస్తే, మూల్యం చెల్లించింది జవాను. 1991 మే 21న ఆ పగ శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని బలిగొన్నది. సత్యవేడు వారికి అది దూరదేశపు సంగతి కాదు, పొరుగూరి విషాదం.

తరువాత కొంత దిద్దుబాటు జరిగింది. 1998లో జాతీయ భద్రతా మండలి ఏర్పడింది. 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ తొలి త్రిదళాధిపతి అయ్యారు. రక్షణ, విదేశాంగ మంత్రులు ప్రధానితో కలిసి కూర్చునే మంత్రివర్గ సంఘం కూడా ఉంది. అయితే పదవులు పెరిగినంత మాత్రాన సమన్వయం రాదు. సైన్యం దేని కోసం వెళుతోంది, ఎప్పుడు తిరిగి వస్తుంది అనే ప్రశ్నలకు అందరూ ఒకే జవాబు చెప్పగలగాలి.

యుద్ధానికి వెళ్లే రాజు మొదట కూర్చుని ఆలోచిస్తాడనీ, బలం చాలదనుకుంటే రాయబారిని పంపుతాడనీ లూకా 14లో ప్రభువు చెప్పిన ఉపమానం మనకు తెలుసు. ప్రియ పాఠకులారా, అధికారుల కొరకు ప్రార్థించే మనం వారిని ఈ ప్రశ్నలు అడగడం కూడా నేర్చుకుందాం.