ఇంటింటి ఆరోగ్యం: తేదీ దాటింది, నొప్పులు రాలేదు... ఆగుదామా?

బరంపురం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరంతో ఈసారి శీర్షిక మొదలు పెడుతున్నాం.

"మా పెద్దమ్మాయి తొలి కాన్పుకి పుణె నుంచి మా ఇంటికి వచ్చింది. డాక్టరు ఇచ్చిన తేదీ దాటి ఐదు రోజులైనా నొప్పులు రాలేదు. ఇక్కడి డాక్టరమ్మ ఆస్పత్రిలో చేర్చమన్నారు, నొప్పులు తెప్పిద్దామన్నారు. మా వియ్యపురాలు ఫోను చేసి ఆ రెండు రోజులూ నక్షత్రం బాగాలేదు, ఆగమన్నారు. మా అత్తగారు ఆముదం పట్టించమన్నారు. మావారేమో పెద్దాపరేషన్ చేసేస్తారని భయపడ్డారు. పిల్లని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. దేవుడి దయవల్ల అంతా సవ్యంగా జరిగింది. ఇప్పుడు చిన్నమ్మాయికి ఆరో నెల. మళ్ళీ ఆ గొడవ రాకూడదని ముందే అడుగుతున్నాను."

ఈ తల్లి మంచి సమయంలో అడిగారు. ఇలాంటివి తొమ్మిదో నెలలో, నలుగురూ నాలుగు మాటలంటున్నప్పుడు తేల్చుకోవడం కష్టం. ఆరో నెలలో కూర్చుని మాట్లాడుకుంటే సులువు.

తొమ్మిదా, పదా?

మనం "నవమాసాలు మోసి కన్నాను" అంటాం. తమిళనాడులో మన పక్కింటివాళ్ళు "పది నెలలు మోసి కన్నాను" అంటారు. రెండూ నిజమే. డాక్టర్లు చివరి బహిష్టు మొదటి రోజు నుంచి 280 రోజులు, అంటే 40 వారాలు లెక్కిస్తారు. ఇంగ్లీషు నెలల ప్రకారం అది తొమ్మిది నెలల మీద ఒక వారం. అంటే పదో నెల వచ్చేసినట్టే. కానీ గర్భం నిలిచేది బహిష్టయిన రెండు వారాలకు. అక్కడి నుంచి లెక్కిస్తే 266 రోజులు. మన పంచాంగంలో చాంద్రమాన మాసానికి ఇరవై తొమ్మిదిన్నర రోజులు కనుక, తొమ్మిది మాసాలకు దాదాపు అంతే వస్తుంది. కాబట్టి "పదో నెల పడిందే!" అని కంగారు పడనక్కరలేదు.

తేదీ కట్టే పద్ధతి జర్మన్ వైద్యుడు నేగెలె పేరుమీద ఉంది. చివరి బహిష్టు మొదలైన రోజుకు తొమ్మిది నెలలూ ఏడు రోజులూ కలపాలి. జనవరి 10 అయితే అక్టోబరు 17 వస్తుంది. సరిగ్గా ఆ తేదీనే నీళ్ళాడేవారు నూటికి నలుగురో ఐదుగురో. 37 వారాలు నిండిన దగ్గర నుంచి 42 వారాల లోపు ఎప్పుడైనా కాన్పు రావచ్చు. 42 వారాలు నిండితేనే గడువు మీరిన గర్భం అంటారు. మన ఉదాహరణలో అది అక్టోబరు 31. 41 వారాలు నిండేది అక్టోబరు 24న. ఈ రెండు తేదీల మధ్య వారం గురించే మన చర్చంతా.

ముందు తేదీ సరిచూసుకోండి

పై లెక్క 28 రోజులకొకసారి బహిష్టయ్యేవారికి. 35 రోజులకొకసారి అయ్యే అమ్మాయికి గర్భం కూడా వారం ఆలస్యంగా నిలుస్తుంది. కాగితం మీద ఆమెకు 41 వారాలని ఉన్నా నిజానికి 40 వారాలే. ఆమెకు తొందరపడి నొప్పులు తెప్పించడం అనవసరం కావచ్చు.

అందుకే మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగుకు అంత విలువ. అప్పుడు బిడ్డ పొడవును బట్టి కట్టిన వయసు అయిదారు రోజులకు మించి తప్పదు. తొమ్మిదో నెల స్కానింగులో వచ్చే తేదీ రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. మొదటి స్కానింగుతో ఖాయం చేసిన తేదీని చివరి స్కానింగు చూసి మార్చకూడదు.

మనబోటి కుటుంబాలకు అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. అమ్మాయి కాపురం షోలాపూర్‌లో, పుట్టిల్లు బళ్ళారిలో. మొదటి ఆరు నెలలు ఒక డాక్టరు, పురుడు ఇంకొకరి దగ్గర. యానాంలో ఉన్నవారు చివరికి కాకినాడ వెళ్తారు. ఏడో నెలలో సీమంతం చేసి పిల్లని తీసుకొచ్చేటప్పుడు చీరలు, గాజులు, స్వీటు డబ్బాలు అన్నీ సర్దుతాం. మొదటి స్కానింగు కాగితం మాత్రం అత్తవారింటి బీరువాలో ఉండిపోతుంది. అప్పుడు కొత్త డాక్టరుకు చివరి స్కానింగు తప్ప ఆధారం ఉండదు. ఆ ఒక్క కాగితం, తల్లీబిడ్డల కార్డు, రక్త పరీక్షల రిపోర్టులు అమ్మాయి చేతిసంచిలోనే ఉండాలి. సెల్‌ఫోనులో ఫోటో కూడా తీసి ఉంచుకోండి.

ఆగితే ఏమిటి? తెప్పిస్తే ఏమిటి?

బిడ్డకు రక్తం, ప్రాణవాయువు అందించేది మాయ. 41 వారాలు దాటాక కొందరిలో దాని పని మందగిస్తుంది. ఉమ్మనీరు తగ్గవచ్చు. బిడ్డ లోపలే మలం పోయి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్ళవచ్చు. బిడ్డ మరీ పెద్దదై కాన్పు కష్టం కావచ్చు. అరుదుగా, ఏ సూచనా లేకుండానే బిడ్డ కడుపులో చనిపోవచ్చు.

ఎంత అరుదు? 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష 34 పరిశోధనలను, 21 వేల మందికి పైగా గర్భిణులను కలిపి చూసింది. వీటిలో ఎక్కువ భాగం 41 వారాలు, ఆపైన జరిగినవే. ఆగి చూసినవారి వైపు 25 మంది శిశువులు చనిపోతే, నొప్పులు తెప్పించినవారి వైపు నలుగురు చనిపోయారు. అంటే 544 మందికి నొప్పులు తెప్పిస్తే ఒక బిడ్డ ప్రాణం నిలుస్తుంది. మిగిలిన 543 మందికి ఆగినా ఏమీ అయ్యేది కాదు. అయితే ఆ ఒక్కరు ఎవరో ముందుగా చెప్పగలిగేవారు లేరు. 2019లో ప్రచురితమైన స్వీడన్ పరిశోధనలో 2,760 మందిని రెండు భాగాలు చేసి, సగం మందికి 41 వారాలకు తెప్పించారు, మిగిలినవారిని 42 దాకా ఆగనిచ్చారు. ఆగినవారిలో ఆరుగురు శిశువులు చనిపోయారు, రెండో వైపు ఒక్కరూ పోలేదు. దాంతో పరిశోధనను మధ్యలోనే ఆపేశారు.

ఈ కారణాలవల్లే 41 వారాలు నిశ్చయంగా నిండినవారికి నొప్పులు తెప్పించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. "నిశ్చయంగా" అన్న మాట గమనించండి. తేదీ సరిచూసుకోమన్నది అందుకే.

మరి 40 నుంచి 41 దాకా? తల్లికి రక్తపోటు, షుగరు లేకుండా, ఉమ్మనీరు చాలినంత ఉండి, బిడ్డ బాగా కదులుతుంటే డాక్టరు కనిపెట్టుకుని ఉండగా ఆగవచ్చు. "నెలలు నిండాక కదలికలు తగ్గుతాయిలే" అనే మాట నమ్మవద్దు. కదలిక తగ్గినా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా తేదీతో పని లేదు. అర్ధరాత్రయినా ఆస్పత్రికి వెళ్ళాలి.

నొప్పులు ఎలా తెప్పిస్తారు?

ముందు గర్భాశయ ముఖద్వారం మెత్తబడిందా, ఎంత తెరుచుకుంది, బిడ్డ తల ఎంత దిగింది అని చూసి మార్కులు వేస్తారు. 1964లో బిషప్ అనే వైద్యుడు పెట్టిన పద్ధతి ఇది. మార్కులు తక్కువగా ఉంటే ముందు ముఖద్వారాన్ని మెత్తబరచాలి. దానికి జెల్ పెడతారు, లేదా కొద్ది మోతాదులో మాత్రలు ఇస్తారు, లేదా సన్నని గొట్టం చివర బెలూను పెడతారు. తర్వాత అవసరమైతే ఉమ్మనీటి సంచి చిట్లించి, ఆక్సిటోసిన్ మందును సెలైనులో చుక్కచుక్కగా ఎక్కిస్తారు.

దీనికి సమయం పడుతుంది. నాగపూరులోని ప్రభుత్వాసుపత్రుల్లో రక్తపోటు ఉన్న 602 మంది గర్భిణులపై జరిగిన పరిశోధన 2017లో వెలువడింది. 24 గంటల్లోగా మామూలు కాన్పు అయినవారు మాత్రలు వాడినవారిలో నూటికి 57 మంది, బెలూను పెట్టినవారిలో 47 మంది. కనుక "పొద్దున చేర్చాం, రాత్రయినా కాలేదేం?" అని వరండాలో గొడవపడకండి.

మందుతో వచ్చే నొప్పులు ఒక్కోసారి మరీ దగ్గర దగ్గరగా వచ్చి బిడ్డకు ఊపిరాడకపోవచ్చు. అందుకని బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఉండాలి, ఆపరేషను సదుపాయం అందుబాటులో ఉండాలి. ఇంట్లోనో, వీధి చివర క్లినిక్‌లోనో "నొప్పుల సూది" వేయించడం తల్లీబిడ్డలిద్దరికీ ప్రాణాపాయం. లోగడ సిజేరియన్ అయినవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. పాత కుట్టు విడిపోయే ప్రమాదం ఉంది కనుక కొన్ని మందులు వారికి పనికిరావు.

నక్షత్రం, ఆముదం, ఆపరేషను

నక్షత్రం పట్టింపు ఉన్నవారిని తప్పుపట్టబోము. దోషమనుకుంటే శాంతి చేయించుకునే దారి మన పెద్దలే చూపించారు. బిడ్డ క్షేమంగా ఒడిలో ఉంటే ఏ శాంతయినా తర్వాత చేయించుకోవచ్చు. డాక్టరు ఈరోజే అన్నప్పుడు రెండు రోజులు ఆపడం, ముహూర్తం కోసం రెండు వారాలు ముందుకు జరపడం, రెండూ బిడ్డకు మంచివి కావు.

ఆముదం పేగుల్ని కదిలిస్తుంది. వాంతులు, విరేచనాలతో పిల్ల కాన్పుకు ముందే నీరసపడుతుంది. వద్దు.

ఇక ఆపరేషను భయం. నొప్పులు తెప్పిస్తే సిజేరియన్ ఖాయమన్నది నిజం కాదు. పైన చెప్పిన కాక్రేన్ సమీక్షలో నొప్పులు తెప్పించినవారికే సిజేరియన్లు కొంచెం తక్కువ. స్వీడన్‌లో రెండు వైపులా దాదాపు సమానం. ఖర్చు భయం ఉంటే, 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో సిజేరియన్‌తో సహా కాన్పు ఉచితం.

డాక్టరుని అడగవలసినవి

1. మొదటి స్కానింగు ప్రకారం ఈరోజుకు సరిగ్గా ఎన్ని వారాలు, ఎన్ని రోజులు?
2. ఇప్పుడే తెప్పించడానికి కారణం ఏమిటి? తేదీ దాటడం ఒక్కటేనా?
3. ఉమ్మనీరు, బిడ్డ గుండె చప్పుడు ఎలా ఉన్నాయి?
4. ముఖద్వారం మెత్తబడిందా? మొదట ఏ పద్ధతి వాడతారు?
5. రెండు మూడు రోజులు ఆగితే ఏ పరీక్షలు, ఎప్పుడు చేయించాలి?
6. నొప్పి తగ్గించడానికి ఏం చేస్తారు?

ఆ ఊరి భాష అమ్మాయికి రాకపోతే, వచ్చినవారు పక్కన కూర్చుని ప్రతి మాటా ఆమెకు తెలుగులో చెప్పాలి. ఆమె తరఫున తలూపి వచ్చేయకూడదు. మోసేది ఆమె, నొప్పులు పడేది ఆమె. డాక్టరు చెప్పింది విని, అర్థం చేసుకుని, "సరే" అనవలసిందీ ఆమే. బరంపురం తల్లి ఉత్తరంలో "పిల్లని ఎవరూ అడగలేదు" అన్న వాక్యం దగ్గర మేము చాలాసేపు ఆగిపోయాం. చిన్నమ్మాయిని ఇప్పుడే అడగండమ్మా, ఇంకా మూడు నెలల వ్యవధి ఉంది.

వచ్చే సంచికలో: బాలింతకు పత్యం - ఎంతవరకు అవసరం? సందేహాలుంటే సంఘం కార్యాలయానికి రాయండి. పేర్లు ప్రకటించము.