కంప్యూటర్ కబుర్లు: తాళం పడిన ఫైళ్ళు

మాయాబందర్‌లో పనిచేసిన సోదర ఉద్యోగులకు ఇంటర్నెట్ కష్టాలు చెప్పనవసరం లేదు. 2020 ఆగస్టు 10న చెన్నై నుండి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యే వరకు ఈ దీవులకు ఉపగ్రహమే ఆధారం. లింకు పోయినప్పుడల్లా విసుక్కునేవాళ్ళం. అలా పోయిన లింకే ఒక సహోద్యోగి కుటుంబానికి మేలు చేసిన వైనం ఈ నెల ముచ్చట.

ఆ ఏడాది ఆరంభంలో వారి అబ్బాయి పెన్‌డ్రైవ్ నుండి ఒక దొంగ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. సాయంత్రానికి ఫోటోలేవీ తెరుచుకోలేదు. వాటిలో కాలం చేసిన వారి అమ్మగారి చివరి ఫోటోలున్నవి. వేరే ప్రతి లేదు. 980 డాలర్లు చెల్లించవలెననీ, 72 గంటలలోపు అయితే సగమే చాలుననీ ప్రతి ఫోల్డరులోనూ ఒక చీటీ! ఆయన సగం ధరకు సిద్ధపడ్డారు కూడా. నేనే వారించాను.

ఇది ‘స్టాప్’ అనే రాన్సమ్‌వేర్ కుటుంబానికి చెందినది. మొదట దొంగల సర్వరును అడిగి, ఆ ఒక్క కంప్యూటరుకే చెందిన తాళం తెచ్చుకుంటుంది. సర్వరు అందకపోతే తనలో దాచుకున్న ఉమ్మడి తాళం వేస్తుంది. అలా చిక్కినవారిలో ఒక్కరు సొమ్ము కట్టి తాళపుచెవిని సంపాదించి పంచినా, ఆ రకం బారిన పడిన తక్కినవారి ఫైళ్ళు కూడా తెరుచుకుంటాయి. గుర్తింపు సంఖ్య చివర ‘టి1’ ఉంటే సాధారణంగా ఉమ్మడి తాళమే. నాడు ఉదయం నుండి లింకు లేదు. వీరి సంఖ్య చివర ‘టి1’ ఉన్నది.

ఎమ్సీసాఫ్ట్ సంస్థ 2019 అక్టోబరులో దీనికి ఉచిత సాధనం విడుదల చేసింది. దానిని నడిపితే, ఈ రకానికి తాళపుచెవి ఇంకా లభించలేదన్నది. తాళం పడిన ఫైళ్ళనన్నిటినీ యథాతథంగా మరొక హార్డ్ డిస్కులోనికి ఎక్కించి మా బీరువాలో భద్రపరచి, కంప్యూటరులో విండోస్ మళ్ళీ వేశాము. పెద్ద వీడియోలు కొన్ని ఈలోగానే బాగుపడ్డాయి. ఈ రాన్సమ్‌వేర్ ప్రతి ఫైలులోనూ మొదటి 150 కిలోబైట్లకే తాళం వేస్తుంది మరి.

ఇతర రకాలకు 2016లో యూరోపోల్, డచ్ పోలీసులు తదితరులు ఆరంభించిన ‘నో మోర్ రాన్సమ్’ ఉన్నది. తాళం పడిన రెండు ఫైళ్ళనూ, చీటీనీ చూపితే రకం గుర్తించి, సాధనముంటే ఉచితంగానే ఇస్తుంది. కంగారుపడి కంప్యూటర్ ఆపివేయడం కూడా ఒక్కొక్కసారి పొరపాటే. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను సైతం తాకిన ‘వానాక్రై’ విషయంలో, రీస్టార్టు చేయని కొన్ని పాత విండోస్ యంత్రాల మెమరీలోనే తాళపుచెవి ఆనవాళ్ళు మిగిలాయి. నెట్‌వర్క్ వైరు మాత్రం తక్షణమే పీకవలెను. ఆఫీసు కంప్యూటరైతే స్వంత వైద్యం వద్దు. కంప్యూటర్ విభాగానికి తెలియజేయండి.

కొన్ని నెలల తరువాత ఒక ఆదివారం సాధనాన్ని మళ్ళీ నడిపాము. ఈసారి తాళపుచెవి దొరికింది. అమ్మగారి ఫోటో తెరమీదికి రాగానే ఆ ఇంట కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆనాడు లింకు తిరిగి వచ్చాక తాళం పడినవి నలభై దాకా ఫైళ్ళున్నవి. వాటిది వేరే తాళం. తెరిచిపెడతామని డబ్బడిగే దుకాణాలవారిని నమ్మక, ఆ డిస్కును బీరువాలోనే ఉంచాను.