'బెస్ట్ పెర్ఫార్మెన్స్' నొక్కే ముందు ఒక్కసారి తెలుగు అక్షరం చూడండి

పాత పీసీ స్లో అయిందంటే చాలు, అందరూ చెప్పే మొదటి చిట్కా ఒక్కటే: విజువల్ ఎఫెక్ట్స్ అన్నీ ఆపేయండి, రాకెట్‌లా పరిగెడుతుంది! నా అభిప్రాయంలో ఇది సగమే నిజం. పైగా ఆ 'అన్నీ' అనే మాట దగ్గర తెలుగు చదివేవాళ్లకి నష్టం ఉంది.

ముందు నిజమైన సగం చూద్దాం. మెనూ మెల్లగా తేలుతూ రావడం, విండో ముడుచుకుంటూ కిందికి పోవడం లాంటివి ఆపేస్తే క్లిక్ చేయగానే పని జరిగినట్టు అనిపిస్తుంది. ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్‌కి వెళ్లి యానిమేషన్ స్కేల్ 1 నుంచి 0.5కి తగ్గిస్తాం కదా, అదే లెక్క. ప్రాసెసర్ మారదు, మనం ఎదురుచూసే టైమ్ తగ్గుతుంది.

విస్టా, విండోస్ 7 రోజుల్లో ఏరో మొత్తాన్నే ఆపే వీలుండేది. విండోస్ 8 నుంచి తెరను నడిపే డెస్క్‌టాప్ విండో మేనేజర్‌ని ఆపలేం. అలంకారం తగ్గుతుంది, వెనక పని జరుగుతూనే ఉంటుంది.

ఇక నష్టం సంగతి. 'అడ్జస్ట్ ఫర్ బెస్ట్ పెర్ఫార్మెన్స్' ఎంచుకుంటే టిక్కులన్నీ పోతాయి. వాటితోపాటు 'స్మూత్ ఎడ్జెస్ ఆఫ్ స్క్రీన్ ఫాంట్స్' కూడా పోతుంది. ఇంగ్లిష్‌లో నిలువు, అడ్డ గీతలు ఎక్కువ కాబట్టి ఎలాగో చదివేస్తాం. తెలుగు అక్షరమంతా వంపులే. చిన్న సైజులో గుడికీ గుడిదీర్ఘానికీ తేడా తెలియదు, వత్తులు ముద్దగా కనిపిస్తాయి. మా జి.కొండూరులో ఒకే పాత కంప్యూటర్ ఉన్న ఇంట్లో అన్న బీటెక్ పని, చెల్లి పదో తరగతి చదువు, నాన్న చదివే తెలుగు వార్తలు అన్నీ దాని మీదే సాగాలి. స్పీడ్ కోసం కళ్లు నొప్పి పుట్టించుకోవడం ఏం లాభం?

అందుకే అదే పేజీలో 'కస్టమ్' ఎంచుకోండి. అన్నీ తీసేసి రెండు టిక్కులు మాత్రం ఉంచండి: ఫాంట్స్ స్మూత్ చేసేది ఒకటి, ఫొటోల థంబ్‌నెయిల్స్ చూపించేది ఒకటి. విండోస్ 11లో అయితే ఇంకా సులువు. సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ, అందులో విజువల్ ఎఫెక్ట్స్‌కి వెళ్లి ట్రాన్స్‌పరెన్సీ, యానిమేషన్ ఆఫ్ చేస్తే చాలు. ఫాంట్స్ జోలికి పోదు.

ఇంత చేసినా స్లోగానే ఉందా? టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ ఎప్పుడూ 100 శాతం దగ్గరే ఉంటే జబ్బు ఎఫెక్ట్స్‌ది కాదు, పాత హార్డ్ డిస్క్‌ది. అప్పుడు బెజవాడ బస్సెక్కి ఒక ఎస్‌ఎస్‌డీ తెచ్చుకోండి. మెమరీ నిండిపోతుంటే ర్యామ్ పెంచండి. కొత్త కంప్యూటర్ కొనమని ఎవరైనా అంటే, ఈ లెక్క చూశాకే జేబులో చెయ్యి పెట్టండి.

ఎఫెక్ట్స్ ఆపడం ఉచితం, రెండు నిమిషాల పని. తప్పకుండా చేయండి. కానీ అక్షరాన్ని మాత్రం వదిలేయండి, అది ఎఫెక్ట్ కాదు.