ఆ 30 మార్కులు చేతితో సంపాదించినవేనా?



పదవ తరగతి వరకు బడి, ఆ పైన కాలేజీ. అరకు, పాడేరు, అనంతగిరి కొండలలో పదహారేళ్ల పిల్ల బై.పి.సి.లో చేరితే ఊరంతా కాలేజీ పిల్ల అంటారు. ఆ మాట ఊరకే రాలేదు. 1969-70లో మన రాష్ట్రములో రెండేళ్ల ఇంటర్మీడియట్ రాకముందు ఆ చదువు పి.యు.సి. పేరుతో విశ్వవిద్యాలయముల కింద ఉండేది. ఒకప్పుడు విశ్వవిద్యాలయము చేయించిన ల్యాబు పని ఇప్పుడు ఈ చిన్నవారి చేతికి వచ్చింది. రెండవ సంవత్సరములో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు 30 మార్కులు.

థియరీలో ఒక్క మార్కు కోసం పిల్లలు రాత్రులు మేల్కొంటారు. ఈ ముప్పై మాత్రం "వేసేస్తారులే" అంటారు. కొన్నిచోట్ల నిజముగానే వేసేస్తారు. అన్న రికార్డు చూసి తమ్ముడు రాస్తాడు, బ్యూరెట్టు ముట్టకుండానే 29 పడుతుంది. నష్టము తరువాత తెలుస్తుంది. బి.ఎస్సీ.లోనో, ఫార్మసీలోనో "ఇది మీకు వచ్చినదే కదా" అని మాస్టారు ముందుకు వెళ్లిపోతారు. హాస్టలు నుండి వెళ్లిన మన కొండ పిల్ల నోరు మెదపక వెనుక బల్లకు చేరుతుంది.

ఇంతకీ ఆ పని ఏమిటి? పిపెట్టుతో సరిగ్గా 20 మి.లీ. సోడియం కార్బోనేట్ ద్రావణము తీసి, రెండు చుక్కల మిథైల్ ఆరెంజ్ వేసి, బ్యూరెట్టులోని ఆమ్లమును చుక్క చుక్కగా వదలాలి. పసుపు రంగు లేత గులాబీగా తిరిగే ఆ ఒక్క చుక్క దగ్గర ఆపాలి. కన్ను ద్రవమట్టమునకు సమానముగా ఉండాలి. రెండుసార్లు ఒకే లెక్క వచ్చేవరకు మళ్లీ చేయాలి. ఇది చూచి రాస్తే వచ్చేది కాదు.

మన అమ్మలకు ఇది కొత్తా? పసుపులో సున్నము కలిపితే ఎర్రబడుతుంది, నిమ్మరసము పిండితే మళ్లీ పసుపే. బొర్రా గుహల రాయి సున్నపురాయి. కార్బోనేట్ పరీక్షలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లము పోయగానే బుసబుస పొంగేది దానిలోని పదార్థమే. ఆ వాయువు సున్నపుతేటను పాలవలె చేస్తుంది. మన కొండల పిల్లలకు ఈ పాఠము ఇంటి పక్కనే ఉన్నది.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారి పిల్లలు కొందరు హైస్కూలులోనే కాలేజీ స్థాయి కెమిస్ట్రీ చదువుతారు. దానిని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, పొట్టిగా ఏ.పీ. అంటారు (మన ఆంధ్రప్రదేశ్ కాదు సుమా!). అందులో నాలుగవ వంతు సమయము ప్రయోగములకే ఇవ్వాలి, కనీసము 16 ప్రయోగములు చేయాలి. పరీక్షలో మంచి స్థాయి వస్తే చాలా కళాశాలలు ఆ కోర్సు అప్పుడే పూర్తిచేసినట్టు లెక్కిస్తాయి. అయితే కొన్ని కళాశాలలు ల్యాబు పుస్తకము తెచ్చి చూపమంటాయి. రికార్డుకు అక్కడ అంత విలువ.

సెలవులకు పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు "ఎన్ని మార్కులు?" అనే ముందు "ఈ నెల దేని రంగు మారింది?" అని అడగండి. చదువు రాని తండ్రి కూడా అడగగల ప్రశ్న ఇది. పిల్ల తెల్లముఖము వేస్తే, నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్లి ల్యాబు ఏ రోజున తెరుస్తారో ప్రిన్సిపాలుగారిని మర్యాదగా అడగండి. సంఘములో బి.ఎస్సీ. చదివిన యౌవనస్థులు ఉంటే వెంట తీసుకువెళ్లండి.

పిల్లలకు ఒక్క మాట. జుట్టు ముడివేసుకోండి, నూలు బట్టలు వేసుకోండి. ఆమ్లమును పిపెట్టుతో నోటితో పీల్చకండి. పలుచన చేయవలసివస్తే నీళ్లలో ఆమ్లమును కొద్దికొద్దిగా పోయాలి, ఆమ్లములో నీళ్లు ఎన్నడూ పోయకూడదు.