గాయానికి తొలి మందు నీళ్ళే

“గాయానికి నీళ్ళు తగలనివ్వకు, చీము పడుతుంది.” ఈ హెచ్చరిక వినకుండా పెరిగిన తెలుగువారు అరుదు. అందుకే చేయి తెగగానే మన చూపు కుళాయివైపు పోదు, పోపుల డబ్బావైపు పోతుంది. పసుపు, కాఫీ పొడి, సున్నం, ఏదీ దొరకకపోతే పొయ్యిలోని బూడిద! ఉద్యోగకాలమంతా గాయాలకు కట్లు కట్టినవాడిగా నిష్కర్షగా చెబుతున్నాను: శుభ్రమైన నీటివల్ల చీము పట్టదు. గాయాన్ని కడగకపోవడంవల్లనే పడుతుంది.

ఒకసారి వరికోతల కాలంలో ఒక కూలీ స్త్రీకి ముంజేతి వెలుపలి భాగం కొడవలికి తెగింది. ఇంట్లోవారు కాఫీ పొడి అద్ది గుడ్డ చుట్టారు. రక్తం ఆగింది గనుక గాయం మానుతున్నదనుకున్నారు. మరునాడు ఊళ్ళోనే టీటీ ఇంజెక్షన్ వేయించారు. వేసిన వ్యక్తి అయినా గుడ్డ విప్పి చూడలేదు. నాలుగవ నాడు ఆమె నా వద్దకు వచ్చేసరికి గడ్డకట్టిన పొడి కింద చీము నిండి ఉన్నది. కడిగి చూస్తే, రెండు వేళ్ళను చాపే స్నాయువులు, అంటే జనం నరాలని పిలిచే తాళ్ళు, తెగి ఉన్నాయి. తొలిరోజే శుభ్రపరచి కలపవలసినవి అవి. తరువాత శస్త్రచికిత్స జరిగినా ఆ వేళ్ళు పూర్తిగా చాచుకోలేదు. కొడవలి చేసిన గాయాన్ని కాఫీ పొడి మన కంటికి కనబడకుండా దాచింది. ఆమె కూలి పోయింది అందువల్లనే.

పసుపు సూక్ష్మజీవులను అణచుతుంది కదా అని వాదించేవారున్నారు. పసుపునుండి వేరుచేసిన పదార్థానికి ప్రయోగశాలలో ఆ గుణం కనిపించిన మాట నిజమే. అయితే వంటింటి పొడి శుద్ధిచేసిన మందు కాదు. గాయంలోని మట్టిని అది తొలగించదు, పైన పూతగా నిలిచి లోపలే ఉంచుతుంది. ధనుర్వాతపు బీజాలు మట్టిలో, పేడలో ఉంటాయి. గాలి సోకని మురికి గాయమే వాటికి అనువైన చోటు.

నా వృత్తివారినీ విడిచిపెట్టను. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి, పొంగే నురగను చూసి మేమూ ఏళ్ళ తరబడి మురిసిపోయాం. అదీ, స్పిరిటూ గాయాన్ని మాన్పే కణాలను కూడా దెబ్బతీస్తాయి. గాయం కడగకుండానే ఇంజెక్షన్ వేసి, యాంటీబయాటిక్ చీటీ రాసి పంపడం వైద్యం అనిపించుకోదు. టీకా మురికిని కడగదు, వేసిన క్షణంనుండే పనిచేయదు. ప్రాథమిక మోతాదులు పూర్తయినవారికి శుభ్రమైన చిన్న గాయమైతే పదేళ్ళలోపు, మురికి గాయమైతే ఐదేళ్ళలోపు టీకా పడి ఉంటే మళ్ళీ అక్కరలేదు. ఎన్నడూ టీకా వేయించుకోనివారికి మురికి గాయమైతే టీకాతోపాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి.

చేయవలసినది కష్టమైనదేమీ కాదు. శుభ్రమైన గుడ్డతో గాయాన్ని పది నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా, గట్టిగా అదిమిపట్టి చేతిని గుండెకంటే ఎత్తులో ఉంచండి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, మణికట్టు దారాలు తీసివేయండి. గాయం చిన్నదై, రక్తం ఆగితే, తాగడానికి పనికివచ్చే నీటిని ధారగా పోస్తూ ఐదు నుండి పది నిమిషాలు కడగండి. సబ్బు చుట్టూ ఉన్న చర్మానికి చాలు. దూదిపోగులు అంటుకుంటాయి గనుక గాజుగుడ్డతోనే కట్టు కట్టండి. గాయాన్ని ఎండబెట్టాలన్నదీ అపోహే. కప్పి తేమగా ఉంచిన గాయాలు త్వరగా మానుతాయని 1962లోనే జార్జ్ వింటర్ పందుల చర్మంపై చూపాడు.

రక్తం ఆగకపోయినా, గాయం నోరు తెరుచుకున్నా, వేలు కదలకపోయినా, స్పర్శ తెలియకపోయినా ఇంట్లో కడుగుతూ కూర్చోకండి. అదిమిపట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. లోతుగా దిగిన వస్తువును లాగకండి. మధుమేహం ఉన్నవారు చిన్న గాయాన్నీ చూపించుకోవాలి. కుక్క కరిస్తే సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. ఎర్రదనం పాకినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయరాదు.

పప్పు తింటే చీము పడుతుందని పథ్యం పెట్టే పెద్దలకూ ఒక మనవి. కొత్త కండ పట్టడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు మాన్పిస్తే గాయం మానడమే ఆలస్యమవుతుంది.

గాయం కాకుండా చూసుకోవడం అన్నింటికంటే మేలు. గడ్డి కోసే యంత్రానికి రక్షణ కవచం బిగించండి, పొలంలో నిండు చేతుల చొక్కా తొడగండి, పిల్లలకు నైలాన్ మాంజా కొనివ్వకండి. అయినా చేయి తెగితే, పోపుల డబ్బా మూత తీయకండి. కుళాయి తిప్పండి.